మిషను లెక్కకు రాని మలుపు

తమిళనాడులో ధర్మపురికి పోతున్నానని చెప్పగానే మా స్టాఫురూములో అందరూ ఒకటే గోల. హొగెనకల్ జలపాతం చూస్తావా, పుట్టిలో ఎక్కుతావా, చేప తింటావా అని. పుట్టీ లేదు, గిట్టీ లేదు. మా అక్క ఫోను చేసింది, అందుకు బయలుదేరాను.

చిత్తూరులో ఒక ఆడపిల్లల హైస్కూలులో నేను లెక్కల టీచర్ని. స్కూలుకు నా పేరు మీద ట్రంక్ కాల్ రావడం అదే మొదలు. హెడ్మాస్టరు గదిలో రిసీవరు పట్టుకుని నిలబడితే, అవతల ధర్మపురి అంగడిలోంచి మా నరసక్క గొంతు చించుకుని అరుస్తోంది.

"రత్నా, కనక మూర్ఛ వచ్చి పోలేదే. లారీ కొట్టింది. నీకు గూడా అబద్ధమే చెప్పినాము. ఇప్పుడు మీ బావ నోరు తెరవకపోతే సరస గూడా అట్లే పోతుంది. నువ్వు రావాల."

కనక అక్క పెద్దకూతురు, సరస చిన్నది. కనక ఆ ఏడు వానల ముందు పోయింది. తంతి అందుకుని నేను వెళ్లేసరికి మట్టి చేసేశారు. మూర్ఛ వచ్చి గడప మీద పడిందన్నారు. ఏనాడూ మూర్ఛ ఎరగని పిల్లకు మూర్ఛేమిటని నేను అడగలేదు. ఏడ్చే ఇంట్లో ఎవరడుగుతారు? ఇన్ని నెలలు తోడబుట్టినదానికే అబద్ధం చెప్పారని ఒళ్లు మండిపోయింది. పరీక్షల సెలవులు ఇచ్చిన మర్నాడే సంచీ సర్దుకున్నాను.

చిత్తూరు బస్టాండులో తెల్లవారుజామున ఐదుకు వేలూరు బస్సు ఎక్కాను. కాట్పాడిలో దిగేసరికి ఆరున్నర దాటింది. డిసెంబరు చలి. స్టేషను బయట ఇడ్లీ వేడిగానే ఉంది కానీ కాఫీ మాత్రం కాఫీ గిన్నె కడిగిన నీళ్లు. ఆ మాట అంటే అంగడివాడు నవ్వి, ఇంకొంచెం చక్కెర వేశాడు. సేలం వైపు పోయే పాసింజరు వచ్చేసరికి ఎనిమిది. టికెట్టు ధర రాయడం లేదు, మీరు వెళ్లేనాటికి ఎలాగూ పెంచుతారు. మొరప్పూర్ అని అడగండి. ధర్మపురికి ఆ లైను మీద దిగవలసిన స్టేషను అదే.

పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. జోలార్‌పేట దాటాక ఎదురుగా శనక్కాయల వ్యాపారి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నా చేతిలో తెలుగు వారపత్రిక చూసి మాట కలిపాడు. వాళ్లదీ ధర్మపురి పక్కనేనట. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం తెలియదు.

"మా ఊరికి కంప్యూటర్ దించినారు తెలుసా అమ్మా? దానికి ఏసీ రూము గూడా కట్టినారు. ఆ ఆఫీసులో మనుషులకు ఫ్యాను తిరగదు, దానికి మాత్రం చలి కావాలంట."

"ఏం చేస్తుందయ్యా అది?"

"ఏ మలుపులో లైటు పెట్టాల, ఏడ రోడ్డుకు గట్టు వెయ్యాల, అంతా అదే చెప్తుందంట. ఇంక మన వార్డు మెంబరుకు పనేముంది!"

పెట్టెలో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అక్క నన్ను రమ్మన్నది ఆ మిషను కోసమే. ఏయే చోట ప్రమాదం ఎక్కువో తేల్చడానికి బుధవారం నాడు ఒక్కో వీధివాళ్లను పిలిచి అడుగుతారట. బావ అక్కడికి వెళ్లి, మా బిడ్డ ఫలానా మలుపులో పోయింది అని చెప్పాలి. అంతే అక్క కోరిక. చెప్పడానికి ఇంత తంటా ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

మొరప్పూర్‌లో దిగేసరికి పన్నెండు. రైలు చూసుకునే టౌను బస్సు కదులుతుంది, కాబట్టి స్టేషనులో నిలబడి దిక్కులు చూడకండి. నా పక్కన కోడిని ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుంది. పెన్నాగరం అవతల పిక్కిలి అనే కొండ ఊరు ఆమెది. లారీల సంగతి ఎత్తితే బోసినోటితో నవ్వింది.

"మా ఊరికి రోడ్డే లేదు తల్లీ. లారీ ఏడ నుంచి వచ్చి గుద్దాల? ఆ ఒక్క సుఖం ఉండాది మాకు."

ఊరు రాబోతుండగా ఆ మలుపు చూశాను. ఒక పక్క ఇటుకబట్టీ గోడ, దాన్ని ఒరుసుకుంటూ రోడ్డు తిరుగుతుంది. దిగుడు కావడంతో లారీలు ఇంజను ఆపినంత పని చేసి జారుకుంటూ వస్తాయి. గోడకు ఇటు తెలుగువాళ్ల వీధి. రోడ్డుకు అటు పక్క ఖాళీ స్థలం. పొద్దు పొడవక ముందే మేస్త్రీలు కూలీలను ఎక్కించుకునేది ఆ ఖాళీ స్థలంలోనే. వీధి వీధంతా చీకట్లో రోడ్డు దాటాలి. ఒక్క దీపస్తంభం లేదు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. రాగానే కడిగేద్దామనుకున్న నేను సంచీ కింద పడేసి దగ్గరికి పోయాను. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. తర్వాత రాగిసంగటి, ఉలవచారు పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది.

కనక, సరస ఇద్దరూ కట్టడం పనికి పోయేవాళ్లు. ఆ రోజు సరస ముందు దాటింది. కనక వెనక తట్ట పట్టుకుని వస్తోంది. లారీ ఆగలేదు. మా బావ వెంకటప్ప మేస్త్రి, ఇంకో నలుగురు మగవాళ్లు పరుగెత్తారు. పిల్ల బతికే ఉంది. నీళ్లు అడిగింది. ఎత్తుకుని ఇంటికి తెచ్చారు.

"ఇంటికా? ఆసుపత్రికి కదక్కా తీసుకపోవాల్సింది!"

అక్క తల వంచుకుంది.

"ఆసుపత్రి అంటే కేసు. కేసంటే, మనిషి పోతే, కోస్తారు. కోసిన శవాన్ని ఈ వీధిలోకి రానియ్యరు రత్నా. మూడోనాడు గుంత మీద పాలు పొయ్యరు. అది మా అత్తగారి కాలం నుంచి ఉండాది. అందుకని రోడ్డు మీద ఎవరు పడినా మొదట ఇంటికి తెస్తారు. బతికితే బతుకుతారు. పోతే ఏదో ఒక జబ్బు పేరు చెప్తారు. ఎదురింటి మునెమ్మ మొగుడు గూడా ఆ మలుపులోనే పోయినాడు. గుండెనొప్పి అన్నారు. మూల ఇంటి ముసలాయన గూడా అంతే. కనక మధ్యాన్నం దాకా ఉండింది."

చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఒక ఉపన్యాసం నోటి దాకా వచ్చింది. అక్క ముఖం చూసి మింగేశాను.

సాయంత్రం సరస పని నుంచి వచ్చింది. సున్నం మరకలతో, కాళ్లు పగిలి, తల్లి కంటే పెద్దదానిలా ఉంది. "చిన్నమ్మా" అని నా పక్కన కూలబడింది. రేపు మానేసి ఇంట్లో ఉండవే అన్నాను.

"పని మానేస్తే ఎట్ల చిన్నమ్మా? అక్క పోయినాక ఒక కూలీ తగ్గింది. పరిగెత్తి దాటేస్తాలే."

బావ పొద్దుపోయాక వచ్చాడు. నన్ను చూసి "ఎప్పుడొస్తివి మరదలా" అన్నాడే కానీ కళ్లెత్తలేదు. కాసేపటికి వీధి పెద్ద చిన్నప్ప కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేనెందుకు వచ్చానో ఆయనకు తెలిసిపోయింది. ఆ వీధిలో ఏదీ దాగదు, పోలీసుల దగ్గర తప్ప.

"టీచరమ్మా, నువ్వు తెలిసినదానివి. వెంకటప్ప చెప్పినాడే అనుకో, వాళ్లేం చేస్తారు? పిల్ల గుంత తవ్వి కోస్తారు. ఒక గుంత తవ్వితే ఊరుకుంటారా? అన్ని గుంతలూ తవ్వుతారు. ఎవరింట్లో పెండ్లి జరుగుతుంది తర్వాత?"

"మరి పిల్లలు పోతుంటే చూస్తూ ఊరుకుంటారా పెద్దాయనా?"

"లైటు అడుగుదాం. అర్జీ పెడదాం. చావుల మాట దేనికి?"

అర్జీలు ఎన్నేండ్లుగా పెడుతున్నారో అక్క లోపలి నుంచే అరిచి చెప్పింది. ఆయన లేచి వెళ్లిపోయాడు. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బుధవారం పది గంటలకు మిషను పెట్టిన ఆఫీసుకు పోయాము. వరండా నిండా జనం. గాజు తలుపు అవతల, చల్లటి గదిలో టీవీ లాంటి పెట్టె, దాని ముందు సెల్వం అనే కుర్ర ఇంజనీరు. మద్రాసులో చదివాడట. పాపం మంచివాడే. అక్కకు కుర్చీ వేసి, నాకు కొంచెం ఇంగ్లీషు వచ్చని తెలిసి సంబరంగా వివరించాడు.

పాత డ్రైవర్లను, కానిస్టేబుళ్లను, ఊరి పెద్దలను కూర్చోబెట్టి, ఒక చోటు ప్రమాదమని మీకు ఎలా తెలుస్తుంది అని నెలల తరబడి అడిగాడట. వాళ్లు చెప్పినవన్నీ 'ఇలా ఉంటే ఇలా' అని సూత్రాలుగా కట్టి మిషనులో పెట్టాడు. ఇప్పుడు మిషను తానే ప్రశ్నలు వేస్తుంది, జవాబులను బట్టి తానే తీర్పు చెప్తుంది, ఎందుకలా చెప్పావంటే కారణమూ చెప్తుంది. దీన్ని ఇంగ్లీషులో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, అంటే కృత్రిమమైన తెలివి అంటారట. ముందుముందు పట్నాల్లో సిగ్నళ్లు, బస్సులు, అంబులెన్సులు అన్నీ ఇదే నడుపుతుందని చెప్తుంటే ఆ కుర్రాడి కళ్లు మెరిశాయి. సిఫార్సు లేకుండా, లంచం లేకుండా, ఎక్కడ అవసరమో అక్కడే దీపం. నాకూ నచ్చింది. నచ్చక ఏం, లెక్క తెలిసినవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

మా వంతు వచ్చింది. బావ తువ్వాలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. మిషను ప్రశ్నలను సెల్వం తమిళంలో చదివాడు. మలుపు ఉందా? ఉంది. దిగుడా? దిగుడే. లైటు? లేదు. లారీలు? లెక్కలేనన్ని. నడిచి దాటేవాళ్లు? వీధంతా.

"గత కొన్నేండ్లలో అక్కడ చావులు?"

బావ వెనక్కి చూశాడు. వెనక చిన్నప్ప, ఇంకా మా వీధివాళ్లు నిలబడి ఉన్నారు.

"అట్లాంటివేమీ లేవు సార్" అన్నాడు.

సెల్వం మీట నొక్కాడు. పచ్చ అక్షరాలు వచ్చాయి. ప్రమాదం తక్కువ. ఊరి మలుపుల్లో మాది అట్టడుగున.

"ఎందుకని అడగండి దాన్ని" అన్నాను.

అడిగాడు. నమోదైన చావులు లేవు కాబట్టి, అంది మిషను.

"చూడండి మేడం, ఇది అబద్ధం చెప్పదు. మనం చెప్పినదే చెప్తుంది."

"మావాళ్లకు తగిన మిషనే దొరికింది" అన్నాను. ఆ పిల్లవాడికి అర్థం కాలేదు, నవ్వాడు.

అప్పుడు అక్క కుర్చీలోంచి లేచింది. కొంగు సర్దుకుని, అందరికీ వినబడేలా తమిళంలోనే అన్నది. "ఉంది. నా బిడ్డ ఉంది. కనక పేరు. ఆ మలుపులో లారీ కింద పడి పోయింది. ఈయన అబద్ధం చెప్పినాడు. నేను గూడా ఇన్నాళ్లూ అబద్ధమే చెప్పినాను."

బావ బయటికి నడిచాడు. వరండాలో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. సెల్వం చేతులు మీటల మీదే ఆగిపోయాయి. మెల్లగా, "కేసు ఉండాలమ్మా. కేసు లేకపోతే నేను రాసినా పైవాళ్లు కొట్టేస్తారు" అన్నాడు.

"ఏం చెయ్యాల్నో చెప్పండి, చేస్తాను" అంది అక్క.

తరువాత జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ, రాయకపోతే ఈ ప్రయాణం గురించి నేను చెప్పినదంతా వట్టిది. పోలీసు స్టేషనులో అక్క వాఙ్మూలం తీసుకున్నారు. చెప్పకుండా ఎందుకు పూడ్చారని నానా మాటలు అన్నారు. ఆ వారంలోనే ఒక పొద్దున తాసీల్దారు, డాక్టరు, పోలీసులు బట్టీ వెనక శ్మశానానికి వచ్చారు. వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు.

తవ్వడానికి మనుషులను పిలిపించారు. బావ ముందుకు వచ్చి, "నేను తవ్వుతాను సార్. వాళ్లకు తెలీదు, పార తగులుతుంది" అన్నాడు. తాసీల్దారు సరేనన్నాడు. సగం లోతు పారతో తవ్వి, ఆ తరువాత పార పక్కన పెట్టి చేతులతో తీశాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. మట్టిలోంచి ముందు ఆకుపచ్చ గాజులు కనబడ్డాయి. అవి కిందటేడు నేను కొనిచ్చినవి. అక్కడ ఆపుకోలేక చెట్టు చాటుకు పోయాను.

టార్పాలిను కట్టి దాని వెనక డాక్టరు తన పని చేసుకున్నాడు. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అక్క వెళ్లి అడిగింది, ఎక్కడ తగిలిందని.

"తొడ ఎముక విరిగింది. పక్కటెముకలు రెండు మూడు. ఈ దెబ్బలకు అప్పటికప్పుడు ప్రాణం పోదమ్మా. ఆసుపత్రికి ఎంతసేపటికి తెచ్చారు?"

ఆయనకు సంగతి తెలియదు, అడగవలసిందే అడిగాడు. గుంత గట్టున కూర్చున్న బావ ఆ మాట విన్నాడు. విని, మట్టి చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన నోరు ఎందుకు కట్టుబడిపోయిందో నాకు అప్పుడు తెలిసింది. చిన్నప్పకు భయపడి కాదు. ఈ ఒక్క ప్రశ్నకు భయపడి. ఆయన మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

మళ్లీ పూడ్చాము. నేను, అక్క, బావ, సరస. పాలు పొయ్యడానికి ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర అక్క బిందె పెడితే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు వెనక్కి తీసుకున్నారు. అక్క నీళ్లు పట్టుకుని వచ్చింది. నేనైతే ఒక్కొక్కరినీ దులిపేసేదాన్ని, అక్క నా కొంగు పట్టుకుని ఇంట్లోకి లాగింది.

శనివారం ఫలితం చెప్తామని మిషను ఆఫీసులో అన్నారు. అక్క, నేను వెళ్లాము. కేసు కాగితం సెల్వం దగ్గరకు చేరింది. మిషనుకు చెప్పాడు. అట్టడుగున ఉన్న మా మలుపు చరచరా పైకి పాకి ఐదో చోట ఆగింది. ఈసారికి డబ్బు మూడు చోట్లకే ఉందట.

"ఇంకో రెండు చావులు ఉండి ఉంటే పైకి వచ్చేదమ్మా" అన్నాడు. అనేసి, ఏమన్నాడో తెలిసి, ముఖం ఎర్రబడి తల దించుకున్నాడు.

"ఉండాయి సార్. ఎదురింట్లో ఒకటి, మూల ఇంట్లో ఒకటి."

"కేసు..."

"వస్తాను ఉండండి" అని అక్క లేచింది.

ఎండలో ఇంటికి నడిచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మునెమ్మ తలుపు తట్టింది. మునెమ్మ అక్క ఈడుదే. కనకను ఎత్తుకు తిప్పిన మనిషట. తలుపు జానెడు తెరిచింది.

"మునెమ్మా, నీ ఇంటాయన సంగతి ఒక్క మాట చెప్పు. నీ కొడుకు గూడా రోజూ ఆ మలుపులోనే దాటుతాడు కదా."

"నా మొగుడు గుండెనొప్పితో పోయినాడు నరసక్కా."

"నేను చూసినానే. నా చేతుల్తోనే నెత్తురు కడిగినా."

"తై నెలలో, సంక్రాంతి కాగానే నా కొడుకు పెండ్లి. ఆడపిల్లవాళ్లకు మాట ఇచ్చేసినా. నీ బిడ్డను తవ్విన పార శబ్దం నా చెవిలో ఇంకా ఉండాది. నన్ను అడగొద్దక్కా, నీ కాళ్లు మొక్కుతా." ఏడుస్తూనే తలుపు వేసుకుంది. మూల ఇంట్లో అయితే అసలు తలుపే తియ్యలేదు.

నాకు అందరి మీదా మంట. మిషను మీద, సెల్వం మీద, మునెమ్మ మీద, నా మీద. రాత్రి అన్నాల దగ్గర అక్కతో పోట్లాట పెట్టుకున్నాను. మా ఊరికి వచ్చెయ్యండి, సరసను నేను చదివిస్తాను అన్నాను.

"మేము వస్తాము సరే. మిగతావాళ్లు దాటాల కదా" అంది. కొంచెం ఆగి, "కనకకు రెండుసార్లు మన్నేసినా రత్నా. ఇంక నాకు భయమేముండాది?" అంది.

ఆదివారం బయలుదేరాలి, సోమవారం స్కూలు. తెల్లవారుజామున ఐదు పది మొరప్పూర్ బస్సు పట్టుకుంటేనే రైలు అందుతుంది. ఆదివారమైనా కాంక్రీటు వేసే పని ఉందని సరస లేచి తయారవుతోంది. అక్క నాకు చద్దిమూట కట్టి, "బస్టాండుకు బావ వస్తాడులే. నాకు పని ఉండాది" అంది. ఇంత పొద్దున్నే ఏం పనే అంటే వినిపించుకోలేదు. చెల్లెలు ఊరికి పోతుంటే నాలుగడుగులు రాలేవా అని మనసులో నొచ్చుకున్నాను. బస్టాండు దాకా బావ నా సంచీ మోశాడు. బస్సు కదిలేముందు, "సరసను పంపిస్తాను మరదలా. కొంచెం కుదురుకోనీ" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆ రెండు మాటలే నాకు ధైర్యం.

బస్సులో పదిమంది లేరు. పొగమంచు. నా పక్కన కూర్చున్న పెద్దాయన అప్పుడే కునుకు తీస్తున్నాడు. దీపం పెట్టడానికి కూడా చచ్చినవాళ్లను సాక్ష్యం పిలిచే ఊరు ఇది అనుకుంటూ, ఇంకెప్పుడూ రాకూడదనుకుంటూ కళ్లు మూసుకున్నాను. సరసను తీసుకుపోవడానికైనా మళ్లీ రాక తప్పదని వెంటనే గుర్తుకు వచ్చింది.

ఉన్నట్టుండి డ్రైవరు బ్రేకు తొక్కాడు. అందరం ముందు సీట్లకు కొట్టుకున్నాం.

"ఎవరది, చావడానికి నా బండే దొరికిందా!" అని తమిళంలో బండబూతు తిట్టాడు.

లేచి ముందు అద్దంలోంచి చూశాను. ఇటుకబట్టీ మలుపు. రోడ్డు ఒడ్డున మా అక్క. చేతిలో లాంతరు, దానికి ఎర్ర రవికగుడ్డ చుట్టి ఉంది. ఆ ఎర్ర వెలుతురును పైకీ కిందికీ ఊపుతోంది. మా వెనక వస్తున్న లారీ కూడా కీచుమంటూ నిదానించింది. రోడ్డుకు అవతలి ఒడ్డున ఇంకొక ఎర్ర లాంతరు. దాన్ని పట్టుకున్న మనిషి తల మీదుగా దుప్పటి కప్పుకుని, ముఖం వీధి వైపు కాకుండా పక్కకు తిప్పుకుని నిలబడి ఉంది. ఆ రెండు దీపాల మధ్య నుంచి తట్టలు, పారలు పట్టుకుని కూలీలు దాటుతున్నారు. సరస కనబడింది. మునెమ్మ కొడుకు కనబడ్డాడు. ఎవరూ పరిగెత్తడం లేదు.

అక్కా అని గట్టిగా పిలిచాను. అద్దాల్లోంచి అక్కకు వినబడలేదు. రేపూ, ఎల్లుండీ, మిషను దయ తలిచే దాకా ఆ చలిలో, ఆ లారీల ముందు నిలబడాలి కదా అని గుండె పిండినట్టయింది. అంతలోనే గర్వంగానూ అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

చివరి మనిషి దాటాక అక్క లాంతరు దించింది. బస్సు మళ్లీ కదిలింది. నిద్ర చెడిన పెద్దాయన కిటికీలోంచి వెనక్కి చూస్తూ, "ఎవరమ్మా వాళ్లు? గవర్నమెంటు పెట్టినారా?" అని అడిగాడు.

"లేదండీ. ఇటు పక్క ఉన్నది మా అక్క. ఆమె కూతురు ఇక్కడ లారీ కింద పడి పోయింది."

"అయ్యో పాపం. అటు పక్కామె?"

"ఆమె మొగుడు గుండెనొప్పితో పోయినాడు" అన్నాను.